సంఘం ల్యాప్‌టాప్ మారుస్తున్నారా? లెక్కలు పదిలం!

పాతది పూర్తిగా ఆగిపోకముందే కొత్తది తెచ్చుకోవాలి. అయితే సభ్యుల బాకీలు, బస్తాల నిల్వ, వాటాధనం లెక్కలు ఒక్క అంకె కూడా పోకుండా కొత్తదానిలోకి చేర్చడం ఎట్లా? సంఘం పాలకవర్గం చేయాల్సిన పనేమిటి? సభ్యుడిగా మీరు అడిగి తీసుకోవాల్సిందేమిటి?

చేలో కష్టపడటం ఒక ఎత్తు. ఆ కష్టానికి లెక్క మిగలడం మరో ఎత్తు. డోర్నకల్ చుట్టుపక్కల మిర్చి, పత్తి, వరి వేసే చిన్న రైతు సంఘం దగ్గర అప్పుకు తెచ్చిన యూరియా ఎన్ని బస్తాలు, కాంటా వేసిన మిర్చి ఎన్ని బస్తాలు, ఇంకా రావాల్సిన డబ్బెంత, కట్టిన వాటాధనమెంత అన్నవి ఒకప్పుడు ఎర్ర అట్ట వేసిన చిట్టా పుస్తకంలో ఉండేవి. గుమస్తా తప్పు రాస్తే వేలు పెట్టి చూపించి దిద్దించుకునే వీలుండేది. ఇప్పుడు ఆ చిట్టా అంతా సంఘం ఆఫీసులో బల్ల మీదున్న ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంది.

మూడు నాలుగేళ్ల కింద కొన్న ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడు మూలుగుతోంది. పొద్దున స్విచ్ వేస్తే టీ తాగి వచ్చేదాకా తెరుచుకోదు. ఇట్లాంటప్పుడు చాలాచోట్ల జరిగేది ఒకటే. ఎవరో తెలిసిన కుర్రవాడిని పిలుస్తారు. కొత్తది కొంటారు. పాతది మూలన పడేస్తారు, లేదా బదలాయింపు కింద షాపువాడికే ఇచ్చేస్తారు. తీరా సీజను మొదలయ్యాక చూస్తే పోయినేటి బాకీల పట్టిక కనబడదు. తెలుగులో టైపు చేసిన సభ్యుల పేర్లు పిచ్చి గీతల్లా వస్తాయి. కాంటా నుంచి బరువు కంప్యూటర్‌కు చేరదు. అప్పుడు రసీదు దాచుకున్న పెద్ద ఆసామికి ఇబ్బంది లేదు. రసీదు ఎక్కడో పోగొట్టుకున్న ఎకరంన్నర రైతుకే నష్టం. అందుకే ఈ పని "కంప్యూటర్ వాళ్లది, మనకెందుకులే" అని వదిలేసేది కాదు.

మార్చాల్సిన సమయం ఎప్పుడు?

పాత ఎద్దును మార్చాలా వద్దా అన్నది దాని నడక చూసి చెప్పొచ్చు. ల్యాప్‌టాప్ కూడా కొన్ని గుర్తులు ఇస్తుంది.

మొదటిది, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం వెనక్కి పోవడం. లోపలున్న చిన్న గుండీ బ్యాటరీ అయిపోయిందని దీనికి అర్థం. బ్యాటరీ మార్చడం చిన్న ఖర్చే. కానీ గమనించకపోతే బిల్లుల మీద తప్పు తేదీలు పడతాయి, బ్యాంకు, పన్నుల వెబ్‌సైట్లు తెరుచుకోవు.

రెండోది, లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు రావడం, ఫైలు తెరవడానికి నిమిషాలు పట్టడం. తిరిగే పాత రకం హార్డ్ డిస్కు చివరి దశకు వచ్చిందని అనుమానించాలి. ఈ గుర్తు కనబడిన రోజే లెక్కలన్నిటికీ నకలు తీయించండి. రేపటికి వాయిదా వద్దు.

మూడోది, కింది భాగం ఉబ్బడం, కీబోర్డు పైకి లేచినట్టు కనబడటం. బ్యాటరీ ఉబ్బిందన్నమాట. వెంటనే ఛార్జింగ్ తీసేసి వాడకం ఆపండి. పొడవకండి, నొక్కకండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ మండే ప్రమాదముంది. తెలిసిన మెకానిక్‌తోనే తీయించాలి.

నాలుగోది, వేడెక్కి దానంతటదే ఆగిపోవడం. మిర్చి కాంటా పక్కన, పత్తి బస్తాల నడుమ పెట్టిన ల్యాప్‌టాప్‌లో ఘాటు దుమ్ము, దూది పోగులు చేరి లోపలి ఫ్యానుకు అడ్డుపడతాయి. ముందు శుభ్రం చేయించి చూడండి. ఒక్కోసారి దాంతోనే బాగవుతుంది.

ఐదోది బయటికి కనబడనిది. ల్యాప్‌టాప్‌ను నడిపించే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ మామూలు మద్దతును 2025 అక్టోబరు 14న ఆపేసింది. విండోస్ 7కు 2020 జనవరి 14నే ఆపేసింది. అంటే అవి నడవవని కాదు, నడుస్తాయి. కొత్తగా బయటపడే లొసుగులకు మరమ్మతు మాత్రం మామూలుగా రాదు. కంచె లేని చేను లాంటిదే. పశువు రానన్నాళ్లు బాగానే ఉంటుంది.

పశువు వస్తే ఏమవుతుందో 2017 మేలో చూశాం. వానాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తామని బెదిరించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దీని బారిన పడ్డాయి. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని లొసుగు గుండానే అది పాకింది. ఆ లొసుగుకు మరమ్మతు అదే ఏడాది మార్చిలోనే విడుదలైంది. వేసుకున్నవారు బయటపడ్డారు, వేసుకోనివారు చిక్కారు.

కొత్తది కొనకుండా గడుస్తుందా?

గడవొచ్చు. ల్యాప్‌టాప్ ఒళ్లు గట్టిగా ఉండి నిదానం మాత్రమే సమస్య అయితే, తిరిగే డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డి అనే కొత్త రకం డిస్కు వేయించి, మెమరీని 8 జీబీకి పెంచితే మళ్లీ చురుగ్గా పనిచేస్తుంది. కొత్తదాని ధరతో పోలిస్తే ఈ ఖర్చు చాలా తక్కువ.

కానీ ఒక మెలిక ఉంది. విండోస్ 11 వేయాలంటే ప్రాసెసర్ కొంత కొత్తదై ఉండాలి. ఇంటెల్ రకమైతే సాధారణంగా ఎనిమిదో తరం, ఆ పైవి. దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. మీ ల్యాప్‌టాప్ అంతకంటే పాతదైతే ఎస్‌ఎస్‌డి మీద డబ్బు పెట్టేముందు ఆలోచించండి. అది టైపింగుకో, వాతావరణం, మార్కెట్ ధరలు చూసుకోవడానికో పనికొస్తుంది. వందల మంది సభ్యుల లెక్కలు దాని మీద ఉంచడం మంచిది కాదు.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు మరో సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ అంకె మార్చారో నమోదయ్యే ఏర్పాటు ఉండాలి. దాన్ని ఆపడానికి వీలుండకూడదు. మీ ఆఫీసులో ఏళ్ల కిందటి పాత సాఫ్ట్‌వేరే నడుస్తుంటే ఆ ఏర్పాటు ఉందో లేదో ఆడిటర్‌ను అడగండి. ల్యాప్‌టాప్‌తోపాటు సాఫ్ట్‌వేర్ కూడా మార్చాల్సి రావొచ్చు.

ఏ నెలలో మార్చాలి?

నాట్లు వేసేటప్పుడు ఎద్దులు మార్చం. జూన్, జూలైలో విత్తనాలు, ఎరువుల రద్దీ. అక్టోబరు నుంచి పత్తి, ఆ వెంటనే వడ్లు. జనవరి నుంచి మిర్చి కోతలు, ఖమ్మం, వరంగల్ ఎనుమాముల మార్కెట్లకు రవాణా. మార్చి 31న సంవత్సరాంతపు లెక్కలు. ఇవన్నీ పోగా ఏప్రిల్ ఆఖరు నుంచి మే నెలాఖరు దాకా మన ప్రాంతంలో కొంత తీరిక దొరుకుతుంది. పాత ఏడాది లెక్క మూసి, కొత్త ఏడాది లెక్క పెద్దగా పెరగని సమయం కూడా అదే. మార్పిడి అప్పుడే పెట్టుకోండి. శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం అంతా చేతిలో ఉంచుకుంటే సోమవారం ఆఫీసు తెరిచేసరికి పని ఒక కొలిక్కి వస్తుంది.

ముందుగా ఒక పటం గీయండి

డోర్నకల్ జంక్షన్ మీకు తెలిసిందే. కాజీపేట, విజయవాడ లైను మీద కొత్తగూడెం, మణుగూరు వైపు వెళ్లే లైను అక్కడే చీలుతుంది. జంక్షన్‌లో తేడా వస్తే అన్ని వైపులా బండ్లు ఆగుతాయి. ఆఫీసులో లెక్కల ల్యాప్‌టాప్ కూడా అట్లాంటి జంక్షనే. దానికి ఏమేమి తగిలించి ఉన్నాయో ఒక తెల్ల కాగితం మీద గీయండి. చిన్న ఆఫీసులో సాధారణంగా కనబడేవి ఇవి:

1. ఇంటర్నెట్ తెచ్చే రౌటర్, దాని పాస్‌వర్డ్.
2. గోదాములోని రెండో కంప్యూటర్. అది లెక్కల ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరునే తెరిచి నిల్వలు రాస్తుంటుంది.
3. రసీదులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, కాగితాలకు మామూలు ప్రింటరు.
4. ఎలక్ట్రానిక్ కాంటా. పాత కాంటాల తీగకు తొమ్మిది సూదుల సాకెట్ ఉంటుంది.
5. ఎరువుల అమ్మకానికి వేలిముద్ర తీసుకునే పరికరం.
6. కంపెనీ పత్రాల దాఖలుకు వాడే డిజిటల్ సంతకం టోకెన్.

వీటిలో ఏది కొత్తదానికి తగులుతుంది, దేనికి మార్పిడి తీగ కావాలి అన్నది కొనకముందే తేలాలి. కొత్త ల్యాప్‌టాప్‌లకు తొమ్మిది సూదుల సాకెట్ ఉండదు. కాంటాకు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ కొనాలి. తగిలించాక కాంటా సాఫ్ట్‌వేర్‌లో పోర్టు నంబరు కొత్తగా పెట్టాలి. లేకపోతే కాంటా మీద 40 కిలోలు కనబడుతుంది, కంప్యూటర్‌లో సున్నా కనబడుతుంది. చేత్తో అంకె కొట్టాల్సి వస్తుంది. చేత్తో కొట్టే చోటే గొడవలు మొదలవుతాయి.

విత్తనం ఒకే గుమ్మిలో పోయరు

తెలివైన రైతు విత్తనం అంతా ఒకే గుమ్మిలో పోయడు. లెక్కలకూ అదే సూత్రం. మూడు నకళ్లు ఉండాలి. అందులో రెండు వేర్వేరు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒకటి ఆఫీసు బయట ఉండాలి. ఉదాహరణకు ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయట తగిలించే డిస్కులో, ఒకటి సంఘం పేరు మీదున్న ఇంటర్నెట్ ఖాతాలో. డిస్కును నకలు తీసిన వెంటనే ఊడదీసి అధ్యక్షుడి ఇంట్లో బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే వైరస్ వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది.

ఏమేమి నకలు తీయాలి? లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని బ్యాకప్ అనే ఏర్పాటుతో తీసిన ఫైలు, దాని డేటా ఫోల్డరు ముఖ్యం. ఆ తరువాత సభ్యుల పట్టికలు, తీర్మానాల పుస్తకం ఫైళ్లు, బిల్లుల స్కానులు, డెస్క్‌టాప్ మీద చెల్లాచెదురుగా పడి ఉన్నవి, వాట్సాప్‌లో దించుకున్నవి. వెబ్‌సైట్ల పాస్‌వర్డులు ఆ ల్యాప్‌టాప్‌కు మాత్రమే గుర్తుండి మనుషులు మరిచిపోయి ఉంటారు. అవన్నీ బయటికి తీసి రాసుకోండి.

నకలు తీస్తే సరిపోదు, అది తెరుచుకోవాలి. విత్తనం కొన్నాక మొలక పరీక్ష చేస్తాం కదా, అట్లాగే ఆ నకలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. సభ్యుల ఖాతాల్లోంచి అక్కడక్కడా పది ఖాతాలు ఏరి, పాతదానిలో ఉన్న అంకెలతో పోల్చండి. పదికి పది సరిపోవాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి తీయండి.

కాగితాన్ని చిన్నచూపు చూడకండి. మార్పిడికి ముందు రోజు నాలుగు పట్టికలు అచ్చు తీయించి పాలకవర్గం సంతకాలు పెట్టాలి. ఒకటి, సభ్యులందరి బాకీలు. రెండు, సభ్యులకు సంఘం ఇవ్వాల్సినవి. మూడు, వాటాధనం. నాలుగు, గోదాములో నిల్వ. కొత్తదానిలో ఇవే పట్టికలు మళ్లీ అచ్చు తీసి పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒక లెక్క చెప్పుకుందాం. ఒక సభ్యుడు 45 కిలోల యూరియా 8 బస్తాలు, బస్తా 266.50 రూపాయల చొప్పున బాకీ పెట్టాడనుకోండి. 2,132 రూపాయలు. వెయ్యి కట్టాడు. మిగిలింది 1,132. మార్పిడిలో జమ ఎక్కకపోతే కొత్త ల్యాప్‌టాప్ 2,132 అనే చూపిస్తుంది. సంఘానికి అది చిన్న తేడా. ఆ రైతుకు వెయ్యి రూపాయల దండుగ. ఇట్లాంటి తేడాలు మొత్తం చూస్తే దొరకవు, ఖాతా ఖాతా చూస్తేనే దొరుకుతాయి.

తెలుగు అక్షరాలు పిచ్చి గీతలైతే...

మన ఆఫీసుల్లో తరచూ వచ్చే చిక్కు ఇది. పదిహేను, ఇరవై ఏళ్లుగా తెలుగు టైపింగు చాలామటుకు అను లాంటి ఫాంట్లతో జరిగింది. ఆ ఫైలు తెలుగులా కనబడాలంటే కంప్యూటర్‌లో అదే ఫాంటు ఉండి తీరాలి. కొత్త ల్యాప్‌టాప్‌లో అది ఉండదు. ఫైలు తెరవగానే ఇంగ్లిషు గుర్తులు, గీతలు కలగలిసి కనబడతాయి. ఫైలు చెడిపోయిందని భయపడి చెరిపేయకండి. అక్షరాలు లోపల భద్రంగానే ఉన్నాయి.

దీనికి రెండు దారులు. ఆ ఫాంటు సాఫ్ట్‌వేర్‌ను కొత్తదానిలో కూడా వేయించుకోవడం ఒకటి. ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం రెండోది. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి. మీ ఫోనులో వచ్చే తెలుగు సందేశాలు ఆ పద్ధతిలోనివే. మార్చే సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. అయితే ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడా తప్పుతాయి. కాబట్టి సభ్యుల పేర్ల పట్టికను మార్చాక ఊరివారీగా ఒక మనిషి కూర్చుని పేరు పేరూ చదవాలి. బ్యాంకు ఖాతాలో పేరు ఒక రకంగా, సంఘం పట్టికలో మరో రకంగా ఉంటే డబ్బు జమ కావడం దగ్గర ఇబ్బంది వస్తుంది.

పేర్లతోపాటు వివరాలు దిద్దుకోవడానికి కూడా ఇదే అదను. డోర్నకల్ 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లా. ఆ రోజు నుంచి మహబూబాబాద్ జిల్లా. పాత పట్టికల్లో చిరునామాలు ఇంకా పాత జిల్లా పేరుతోనే ఉండి ఉంటాయి. పాసు పుస్తకం నంబర్లు కూడా చూడండి. 2018లో కొత్త పాసు పుస్తకాలు వచ్చాయి. పాత నంబరే రాసి ఉంటే మార్పించండి. చనిపోయిన సభ్యుల వాటా వారసుల పేరు మీదకు మారిందో లేదో కూడా చూడాలి.

లైసెన్సు ముందు వదిలించుకోవాలి

టాలీ లాంటి సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు ఇచ్చే లైసెన్సు ఒక కంప్యూటర్‌కు ముడిపడి ఉంటుంది. కొత్తదానిలో వాడాలంటే ముందు పాతదానిలో ఆ లైసెన్సును సరెండర్ చేయాలి. పొలం కౌలు ఒకరు వదులుకుంటేనే మరొకరికి రాసినట్టు. పాత ల్యాప్‌టాప్ పూర్తిగా చచ్చిపోయాక ఈ పని చేయాలంటే కంపెనీ చుట్టూ ఫోన్లు చేయాల్సి వస్తుంది. పాతది బతికుండగానే మార్పిడి చేయమనడానికి ఇదొక కారణం.

పాత రూపంలోని లెక్కలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాక తిరిగి పాతదానిలో తెరవడం కుదరకపోవచ్చు. అందువల్ల మార్చేది అసలు కాకుండా నకలు మీదే చేయండి. అసలును ముట్టుకోవద్దు. దొంగ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వేస్తామనే వారికి దూరంగా ఉండండి. అందులో వైరస్ ఉండొచ్చు. ఆడిట్‌లో నిలవదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

లెక్కల పనికి మెరుపులు అక్కర్లేదు. 8 జీబీ మెమరీ, వీలైతే 16 జీబీ. డిస్కు ఎస్‌ఎస్‌డి రకమే ఉండాలి, 512 జీబీ అయితే నాలుగైదేళ్లకు సరిపోతుంది. నెట్‌వర్క్ తీగ పెట్టే సాకెట్ ఉంటే మేలు. పల్చటి ల్యాప్‌టాప్‌లకు అది ఉండటం లేదు. అప్పుడు మార్పిడి ముక్క కొనాలి. యూఎస్‌బీ సాకెట్లు మూడుకు తగ్గకూడదు. మరమ్మతుకు మనిషి ఆఫీసుకే వచ్చే వారంటీ అడగండి. వారంటీ కోసం ఖమ్మమో, వరంగలో మోసుకుపోతే ఆ రెండు మూడు రోజులూ ఆఫీసు ఆగినట్టే.

బిల్లు సంఘం పేరు మీద, సంఘం జీఎస్‌టీ నంబరుతో తీసుకోండి. ల్యాప్‌టాప్ మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. అందులో ఎంత తిరిగి లెక్కించుకోవచ్చో మీ అమ్మకాలను బట్టి ఆడిటర్ చెబుతారు. కంపెనీల చట్టం ప్రకారం తరుగుదల లెక్కకు ల్యాప్‌టాప్ ఆయుష్షు 3 ఏళ్లు, సర్వర్లు, నెట్‌వర్క్ సామానుది 6 ఏళ్లు. ఇది లెక్కల కోసం చెప్పిన ఆయుష్షు. మూడేళ్లకు పారేయాలని కాదు.

కరెంటు ఎగుడుదిగుళ్లు మన ఊళ్లలో మామూలే. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కు ఉండదు. లెక్క రాస్తుండగా రౌటర్ ఆగితే గోదాము కంప్యూటర్‌లో రాసింది సగంలో తెగుతుంది. రౌటర్‌కు కూడా చిన్న యూపీఎస్ పెట్టించండి.

నెట్‌వర్క్‌లో కలిపేటప్పుడు

గోదాములోని కంప్యూటర్ లెక్కల ల్యాప్‌టాప్‌ను పేరు పెట్టి వెతుకుతుంది. కొత్తదానికి కొత్త పేరు పెడితే అది దొరకదు. పాతదాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేశాక, దాని పేరే కొత్తదానికి పెట్టడం సులువైన మార్గం. రెండూ ఒకే పేరుతో ఒకేసారి నెట్‌వర్క్‌లో ఉండకూడదు. రౌటర్‌లో లెక్కల ల్యాప్‌టాప్‌కు, ప్రింటరుకు మారని నంబరు కేటాయించమనండి. అప్పుడు కరెంటు పోయి వచ్చినా దారి తప్పవు.

మరో సంగతి. ఇదివరకు పాస్‌వర్డ్ లేకుండానే ఫోల్డరు పంచుకునేవారు. 2024 చివర్లో వచ్చిన విండోస్ 11 రూపం నుంచి అట్లాంటి ఫోల్డరు తరచుగా తెరుచుకోదు. చాలామంది ఆ రక్షణను ఆపేయమంటారు. ఆపకండి. ప్రతి మనిషికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టించండి. ఎవరు ఏ అంకె రాశారో తేలాలంటే కూడా అదే కావాలి. పాత విండోస్ 7 కంప్యూటర్ గోదాములో ఉంటే, దాని కోసం ఆఫీసంతా పాత పద్ధతికి దిగొద్దు. ముందు దాన్నే మార్చండి.

వేలిముద్ర పరికరానికి, డిజిటల్ సంతకం టోకెన్‌కు వాటి వాటి సాఫ్ట్‌వేర్ కొత్తగా వేయాలి. ఎరువుల అమ్మకం మొదలయ్యే ముందే ఒక సభ్యుడి వేలిముద్ర పెట్టించి చూడండి. జూన్‌లో వరుసలో యాభై మంది నిలబడ్డాక చూసుకుంటే లాభం లేదు.

ఒకటి రాయాలి, ఒకటి చూడాలి

కొత్తది నడక మొదలుపెట్టాక పాతదాన్ని కనీసం నెల రోజులు అట్లాగే ఉంచండి. అయితే అందులో కొత్తగా ఏమీ రాయొద్దు. పొద్దున కొత్తదానిలో ఒక బిల్లు, సాయంత్రం పాతదానిలో ఒక బిల్లు రాస్తే రెండు లెక్కలూ సగం సగం అవుతాయి. వాటిని కలపడం ఎవరి తరమూ కాదు. రాయడం కొత్తదానిలోనే. పాతది చూసి సరిపోల్చుకోవడానికే. పాతదాని మూత మీద "రాయవద్దు" అని కాగితం అంటించి, ఇంటర్నెట్ తీసేసి ఉంచండి. ఏరు దాటడం పూర్తయ్యేదాకా తెప్ప తగలెయ్యకూడదు.

కంపెనీగా నమోదైన సంఘాలు లెక్కల పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాల పాటు భద్రపరచాలని చట్టం. ల్యాప్‌టాప్ పోయినా లెక్కలు మాత్రం అన్నేళ్లూ తెరుచుకునేలా ఉండాలి. సహకార సంఘాలకు నిబంధనలు వేరు. ప్రాథమిక సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022 జూన్‌లో ప్రత్యేక పథకం ఆమోదించింది. మీరు సహకార సంఘం సభ్యులైతే ల్యాప్‌టాప్ మార్పిడి గురించి ముందుగా పై బ్యాంకు అధికారులను అడగాలి.

పాతదాన్ని ఏం చేయాలి?

చాలామంది చేసే పొరపాటు, ఫైళ్లు డిలీట్ చేసి అమ్మేయడం. డిలీట్ చేస్తే పుస్తకంలో విషయసూచిక చింపినట్టే. లోపలి పేజీలు అట్లాగే ఉంటాయి. తెలిసినవాడు వాటిని తిరిగి తీయగలడు. అందులో మీ ఆధార్ నకలు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు, పాసు పుస్తకం ఫొటో ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇట్లాంటి వివరాలు దాచే సంస్థల మీద బాధ్యత పెట్టింది.

అందుకని ఆడిట్ ముగిశాక పాతదాని డిస్కు బయటికి తీయించండి. లెక్కలు ఇంకా అవసరమనుకుంటే డిస్కును బీరువాలో పెట్టండి. అవసరం లేకపోతే డ్రిల్లుతో రంధ్రాలు వేయించండి. డిస్కు లేని ల్యాప్‌టాప్‌ను అమ్మినా, ఊరి బడికి ఇచ్చినా భయం లేదు. పూర్తిగా పనికిరానిదైతే చెత్తకుప్ప మీద వేయొద్దు, కాల్చొద్దు. లోపల సీసం లాంటి విష లోహాలు ఉంటాయి. అవి మట్టిలో, బావి నీళ్లలో కలిస్తే మనకే చేటు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి. కొత్తది కొనే చోటే తిరిగి తీసుకుంటారేమో అడగండి.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. జీఎస్‌టీ ఖాతా, బ్యాంకు ఖాతా, ఈమెయిలు అన్నీ జీతానికి ఉన్న మేనేజరు సొంత ఫోను నంబరు మీద ఉంటాయి. ఆయన ఉద్యోగం మానేస్తే ఓటీపీ ఆయనతోనే పోతుంది. ల్యాప్‌టాప్ కొత్తదే, తలుపు మాత్రం తెరుచుకోదు. ఈ మార్పిడిలోనే సంఘం పేరు మీద ఒక సిమ్ము, ఒక ఈమెయిలు తీసుకుని అన్ని ఖాతాలూ వాటి మీదకు మార్చండి. పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసి, కవరులో సీలు వేసి, అధ్యక్షుడి బీరువాలో పెట్టండి. పాస్‌వర్డ్ మారినప్పుడల్లా కవరు మార్చాలి.

కొత్త ల్యాప్‌టాప్ కొన్న కొద్దిరోజులకు "కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ యాప్ వేసుకోండి" అని ఫోన్లు రావొచ్చు. నమ్మకండి. దూరం నుంచి తెర చూసే యాప్ వేయించి ఖాతా ఖాళీ చేస్తారు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి.

సభ్యుడిగా మీరు అడగాల్సినవి

మీకు కంప్యూటర్ రాకపోవచ్చు. అయినా ఈ ఐదు అడగడానికి చదువు అక్కర్లేదు.

* మార్పిడికి ముందు నా ఖాతా అచ్చు తీసి ఇవ్వండి. నా బాకీ, నాకు రావాల్సింది, నా వాటాధనం అందులో ఉండాలి.
* మార్పిడి తరువాత మళ్లీ అదే ఖాతా చూపించండి. రెండూ సరిపోవాలి.
* నకళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి? వాటిని ఒకసారి తెరిచి చూశారా?
* పాత ల్యాప్‌టాప్ డిస్కు ఏం చేశారు? తీర్మానంలో రాశారా?
* పాస్‌వర్డులు ఒక్కరి దగ్గరే ఉన్నాయా, సంఘం దగ్గర ఉన్నాయా?

ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే లెక్క సరిపోల్చే రోజు వెంట తీసుకుపోండి. పాత రసీదులు ఒక కవరులో వేసుకుని వెళ్లండి. తేడా కనబడితే అక్కడికక్కడే రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. పాత ల్యాప్‌టాప్ ఇంకా బల్ల మీద ఉన్నన్నాళ్లే ఆ తేడా దిద్దడం సులువు. వానాకాలం విత్తనాలకు ఆఫీసు మెట్లెక్కే ముందే ఈ పని ముగించుకోండి.